నీళ్లు వదులుతున్నా!

ఆయన బిగించిన జాయింటు కారిందంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. "పైపు కారి ఉండదు, నీ కళ్లు కారి ఉంటాయి, వెళ్లి డాక్టరుకి చూపించుకో" అంటారు. అసలు పేరు ఏ కాగితాల్లో ఉందో ఆయనకే గుర్తు లేదు. చొక్కా జేబులో ఎప్పుడు చూసినా నాలుగు రబ్బరు వాషర్లు ఉంటాయి కాబట్టి ఆయన అందరికీ వాషరు బాబాయి. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లకీ బాబాయే, బడికెళ్లే పిల్లలకీ బాబాయే.

పద్నాలుగేళ్ల వయసులో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర పనికి చేరాడు. ఆ మేస్త్రీ కోపిష్టి మనిషి, ముక్కు మీద ఈగ వాలనివ్వడు. కానీ పని నేర్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయనకి రెండే నియమాలు. ఒకటి, పని అయ్యాక జాయింటు కింద పాత పేపరు పరిచి, మర్నాడు పొద్దున వచ్చి చూసుకోవాలి. పేపరు మీద వేలిగోరంత తడి మరక కనిపించినా పని అయినట్టు కాదు, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. రెండోది, మెయిన్ వాల్వు తిప్పేముందు ఇల్లంతా అదిరిపోయేలా "నీళ్లు వదులుతున్నా!" అని కేక వెయ్యాలి. ఖాళీ పైపులో గాలి నిండి ఉంటుంది కదా, నీళ్లు దాన్ని తోసుకుంటూ వస్తాయి. ఆ సమయంలో కుళాయి కింద ఎవరైనా మొహం పెట్టుకుని ఉంటే వాళ్ల పని అయిపోయినట్టే.

నలభై రెండేళ్లు వాషరు బాబాయి ఈ రెండు నియమాలూ తప్పలేదు. ఆయన కేక వింటే మూడో ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. మాట మాత్రం పొదుపు. "ఈయన నోటికి కూడా వాషరు వేసుకున్నాడమ్మా, ఒక్క మాట కారదు" అని ఆయన భార్య చుట్టుపక్కల ఆడవాళ్ల దగ్గర వాపోయేది. ఆవిడ సంగతి వేరు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

అంత జాగ్రత్తగా బతికిన మనిషి ఒకే ఒక్కసారి తప్పాడు. ఆ తప్పడం కూడా ఎక్కడో పరాయి ఇంట్లో కాదు, సొంత ఇంట్లోనే.

ఆ రోజు మేడ మీద ట్యాంకు వాల్వు మారుస్తున్నాడు. వేరే ఇంట్లో వాళ్లు రమ్మని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఆ తొందరలో కొత్త వాల్వు బిగించాడు, తిప్పేశాడు, సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. కింద స్నానాల గదిలో కోడలు మనవరాలికి బకెట్లో పట్టి ఉంచిన నీళ్లతో తలంటుతోంది. పైన షవరు తిప్పే ఉంది, నీళ్లు రావడం లేదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నట్టుండి ఆ షవరు అడవి జంతువులా దగ్గింది. గాలీ, తుప్పు రంగు నీళ్లూ కలిసి పిల్ల నెత్తిన విరుచుకుపడ్డాయి. కళ్ల నిండా సబ్బు నురగ, చెవుల్లో ఆ రొద. పిల్ల ఉలిక్కిపడి పక్కకి దూకింది, కాలు జారింది, గోడ అంచు తగిలింది. కుడి కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి.

మనవరాలికి అప్పటికి రెండున్నరేళ్లు. ఒక చోట నిలవదు, ఎక్కని కుర్చీ లేదు, అందుకని అందరూ ఉడత అనేవారు. కుట్లు పదిరోజుల్లో మానాయి. భయం మానలేదు. కుళాయి తిప్పిన చప్పుడు వింటే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. చేతులు కడగనివ్వదు. మొహం కడగనివ్వదు. నిద్రపోయాక తల్లి తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, అదీ తల్లి ఒక్కతే. నానమ్మ గుడ్డ పట్టుకుంటే నిద్రలోనే తెలిసిపోయి లేచి కూర్చునేది. ఇక తాత సంగతి చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఆయన సామాన్ల పెట్టె ఎక్కి కూర్చుని "పద, పద" అని దాన్ని తోలేది. ఇప్పుడు ఆ పెట్టెలో ఇనుము గణగణమంటే తల్లి చీర కుచ్చిళ్లలో దూరిపోతోంది.

తప్పు ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. కోడలు తిట్టలేదు, ఏడవలేదు, మాట్లాడటం మానేసింది. రోజుకి పదిసార్లు "మావయ్యా, మావయ్యా" అని పిలిచే కోడలు, ఆయన రెండు బారల దూరంలో కూర్చుని ఉండగానే, "అత్తయ్యా, ఆయన్ని భోజనానికి లేవమనండి" అనడం మొదలుపెట్టింది. ఆ మాట విన్నప్పుడల్లా వాషరు బాబాయి సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఒక్క కేక, ఒక్కటంటే ఒక్క కేక వేసి ఉంటే ఇదంతా ఉండేదా అని రాత్రీ పగలూ అదే కుమిలిపోవడం.

పులి మీద పుట్రలా ఇంకొకటి వచ్చి పడింది. కోడలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా రాకుండా అద్దం అంచు అరగదీయడంలో ఆ దుకాణంలో ఆమెకి సాటి లేరు, ఆ పనంటే ఆమెకి ప్రాణం. పిల్లకి దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ సెలవులో ఉంది. యజమాని కబురు పంపాడు. ఒకటో తారీఖుకి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు. కొడుకు చూస్తే లారీ మీద పోయినవాడు వారానికోసారి గాని ఇంటికి రాడు.

"పిల్లని వదిలి ఎలా వెళ్లను అత్తయ్యా? పగలంతా ముక్కు కారినా, చేతులు మట్టి అయినా మిమ్మల్ని తాకనివ్వదు. దాన్ని అలా వదిలేసి వెళ్లి నేను అద్దాలు అరగదీసుకోనా? పని మానేస్తానని చెప్పేస్తాను" అంది కోడలు.

గుమ్మంలో వాషర్లు ఏరుకుంటున్న వాషరు బాబాయి ఆ మాట విన్నాడు. తన చేతి తప్పుకి పిల్ల భయపడుతోంది, ఇప్పుడు కోడలి పని కూడా పోతోంది. క్యాలెండరు వైపు చూశాడు. ఇరవై రోజులున్నాయి.

ఆ వారంలోనే ఒక ఇంట్లో సింకు బాగుచేయడానికి వెళ్లాడు. ఆ ఇంటావిడ పగటిపూట చుట్టుపక్కల పిల్లల్ని ఐదారుగురిని చూసుకుంటుంది. సింకు కింద దూరి పని చేసుకుంటున్నవాడు కాస్తా తల బయటపెట్టి చూశాడు. వసారాలో పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద వెడల్పాటి టబ్బు, అందులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు. చుట్టూ కప్పులు, గరాటా, టీ వడపోత, స్పాంజి ముక్కలు. పిల్లలు పిండుతున్నారు, ఒంపుతున్నారు, మూతి ముందుకు పెట్టుకుని ఎంతో ముఖ్యమైన పని ఉన్నట్టు కూర్చున్నారు. ఒక్కడూ ఏడవడం లేదు.

మాట పొదుపైన మనిషి ఆ రోజు నోరు విప్పి సంగతంతా చెప్పాడు. ఆవిడ విని, "పిల్లని నీళ్ల దగ్గరికి లాక్కెళ్లకండి బాబాయిగారూ. నీళ్లని ఒక పక్కన పెట్టి మీరు ఊరుకోండి. పిల్లే వస్తుంది" అంది.

"ఎప్పుడొస్తుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. వచ్చినా మీరు కంగారుపడి ఏమీ చెయ్యకండి. గోరువెచ్చటి నీళ్లు పెట్టండి, నాలుగు వేళ్ల లోతు చాలు. ఆట అయ్యేదాకా పక్కనుంచి కదలకండి, ఫోన్ మోగినా సరే. అయిపోగానే టబ్బు బోర్లించెయ్యండి. ఇంతే విద్య."

ఫోన్ మోగినా సరే అన్న మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సింకు కింద పేపరు పరిచి, మర్నాడు వచ్చి చూస్తానని చెప్పి, ఇంటికి ఒక్క పరుగున వచ్చాడు.

ఇంత తేలిక విద్య చెబితే ప్లంబరు వింటాడా? నాలుగు కప్పులూ ఒక స్పాంజీ పెట్టి ఊరుకుంటే నలభై రెండేళ్ల అనుభవం ఏమైపోవాలి! పెరటి వరండాలో గోడకి చెక్క బిగించి, దాని మీద పైపులు నడిపించాడు. పైన ఒక బకెట్టు, దాని అడుగున వాల్వు, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ దిగే గొట్టాలు, మధ్య మధ్య గరాటాలు, కింద టబ్బు. తర్వాత మార్చుకోవడానికి వీలుగా ఉంటుందని జాయింట్లకి బంక రాయకుండా మరలతోనే బిగించాడు. మూడు రోజులు పట్టింది. కింద పేపరు పరిచి రాత్రంతా వదిలేశాడు. పొద్దున చూస్తే పేపరు అప్పడంలా పొడిగా ఉంది. పొంగిపోయాడు.

భార్య నడుం మీద చేయి పెట్టుకుని దాన్ని ఆపాదమస్తకం చూసింది. "ఏవండీ, ఇది పిల్ల ఆడుకోడానికా, ఊరికి నీళ్లివ్వడానికా?"

ఉడత తలుపు చాటు నుంచి ఒక కన్ను పెట్టి చూసింది. వాషరు బాబాయి మెల్లగా వాల్వు తిప్పాడు. నీళ్లు గొట్టాల్లో గురగురమన్నాయి. ఆ కన్ను మాయమైంది, లోపలి గదిలోంచి ఏడుపు వినిపించింది. కోడలు వచ్చి, ఆయన వైపు చూడకుండా, తలుపు వేసేసింది. కొండంత కష్టపడితే ఫలితం ఇది. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

అయినా రోజూ పొద్దున్నే వరండాలో కూర్చోవడం మానలేదు. పిల్లల్ని చూసుకునే ఆవిడ చెప్పినట్టు నీళ్లు పెట్టి ఊరుకునేవాడు. వాల్వు ముట్టుకునేవాడు కాదు. ఉడత తలుపు చాటుకి వచ్చేది, చూసేది, పోయేది. అలా నాలుగు రోజులు పోయాయి.

ఐదో రోజు ఒక వింత జరిగింది. పైపులు బిగించిన రోజున చిట్టచివరి ఎల్బోకి, అంటే మలుపు జాయింటుకి, వచ్చేసరికి మరకి చుట్టే టేపు అయిపోయింది, ఉన్న ముక్కతో రెండు చుట్లే వేశాడు. ఎండకి ఆ మర కాస్త సడలినట్టుంది. గొట్టంలో నిలిచి ఉన్న నీళ్లలోంచి ఒక చుక్క అక్కడ జారి, కింద బోర్లించి ఉన్న డబ్బా మూత మీద పడింది. టప్. కాసేపాగి ఇంకొకటి. టప్.

తలుపు చాటు నుంచి ఉడత బయటికి వచ్చింది.

ఒక అడుగు వేసింది. ఆగింది. టప్. ఇంకో అడుగు వేసింది. నీళ్లు దగ్గడం లేదు, మీద పడటం లేదు, తమ మానాన తాము ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. పిల్ల డబ్బా మూతకి దగ్గరగా వచ్చి గొంతుక్కూర్చుంది. చూపుడు వేలు చాచింది. చుక్కకీ వేలికీ మధ్య జానెడు దూరం ఉంది. తలుపు దగ్గర నానమ్మ ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడు వాషరు బాబాయి ఏం చేశాడనుకున్నారు? పానా తీసి ఎల్బో బిగించేశాడు!

కావాలని చేశాడా అంటే కాదు. నలభై రెండేళ్లుగా చుక్క కనపడితే ఆ చెయ్యి అదే పని చేస్తోంది. మనసుని అడగలేదు, కళ్లని అడగలేదు. సగం చుట్టు, అంతే. చుక్క ఆగిపోయింది. ఉడత వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. కాసేపు చూసింది. రాలేదు. కింది పెదవి వణికింది, లేచి లోపలికి పోయింది.

నానమ్మ నోరు తెరిచింది. ఆ తర్వాత అరగంట పాటు వీధిలో ఎవరికీ వేరే చప్పుడు వినపడలేదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఊరికే అన్నారా! పసిపిల్ల పదివారాల తర్వాత వేలు చాచింది, వేలు! అక్కడ కూడా పనితనమేనా? ఆ లీకు ఉంటే నీకేం పోయేదయ్యా? నీ మేస్త్రీ పైనుంచి దిగొచ్చి చెవి మెలేసేవాడా?" కోపం వచ్చినప్పుడు ఆవిడ 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. వాషరు బాబాయి పానా వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. దాన్ని చూస్తే ఆయనకే ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన జీవితంలో మొదటిసారి కారే జాయింటు చెయ్యడానికి కూర్చున్నాడు. చెప్పినంత తేలిక కాదు. ఒక చుట్టు వదులు చేసేవాడు, చెయ్యి తనంతట తానే ముప్పాతిక చుట్టు బిగించేది. మళ్లీ వదులు చేస్తే మళ్లీ బిగించేది. చెమటలు పట్టాయి. ఒకసారి మరీ వదులైపోయి బడబడా కారితే, మొత్తం కట్టేశాడు.

భార్య చూసి చూసి వచ్చి పానా లాక్కుంది. "లేవండి అక్కణ్నుంచి. ముప్పై ఏళ్ల కాపురంలో ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే వదులవుతుందో నేను చూడలేదనుకున్నారా? మీరు చేతులు రెండూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చోండి."

నిజంగానే చేతుల మీద కూర్చున్నాడు. ఆవిడ ఒక్కొక్క ఎల్బో దగ్గరా చెవి పెట్టి, వంటింట్లో స్టవ్వు మంట తగ్గించినట్టు, కొంచెం కొంచెంగా వదులు చేసింది. ఒకటి నిమిషానికి పది చుక్కలు, ఒకటి ఇరవై, ఒకటి సన్నటి దారం. ఒక్కో లీకు కింద ఒక్కో గిన్నె పెట్టింది. స్టీలు గ్లాసు, సత్తు పళ్లెం, డబ్బా మూత, నీళ్లున్న టబ్బు. టింగు, టక్కు, టప్, బుడుంగు. ఏడు లీకులు. చివరికి పానా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. వాషరు బాబాయికి ఆ ఏడు చోట్లా ఎవరో తన చెవిలో పుల్ల పెట్టి తిప్పుతున్నట్టే ఉంది. అయినా కదల్లేదు.

మర్నాడు పొద్దున ఉడత వచ్చింది. ఏడు చప్పుళ్లు వింటే ఏ ఉడత ఆగుతుంది? పళ్లెం దగ్గర కూర్చుంది, గ్లాసు దగ్గరికి పాకింది, మూత దగ్గర ఆగింది. చాలాసేపు చూశాక వేలు చాచింది. చుక్క వేలి మీద పడింది. పిల్ల గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, వేలు చూసుకుని, తాత మొహం చూసింది. తాత చేతుల మీద కూర్చునే ఉన్నాడు. మళ్లీ చాచింది. ఈసారి వేలు తీసుకెళ్లి ఆ లీకుకే అడ్డం పెట్టింది. చుక్క ఆగింది. వేలు తీసింది. టప్. పెట్టింది, ఆగింది. తీసింది, టప్. పకపకా నవ్వింది.

పది వారాల తర్వాత ఆ నవ్వు ఆ ఇంట్లో వినిపించింది. వాషరు బాబాయి కళ్లు ధారగా కారుతున్నాయి. "చూశావా? లీకు ఆపుతోంది! వేలితో ఆపుతోంది! ప్లంబరు మనవరాలే!" అన్నాడు భార్యతో, గుసగుసగా.

"ఊరుకోండి, బెదిరిపోతుంది" అంది ఆవిడ, కొంగుతో తన కళ్లు ఒత్తుకుంటూ.

ఆ రోజు నుంచి ఆట రోజుకింత పెరిగింది. చుక్కల నుంచి స్పాంజి దాకా రావడానికి రెండు రోజులు పట్టింది. స్పాంజి పిండటం నుంచి కప్పుతో ఒంపడానికి ఇంకో రోజు. ఒక బొమ్మకి ఒళ్లు రుద్దింది, కళ్లలో పడకుండా దాని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి తల మీద నీళ్లు పోసింది. ఇంకో రోజు బొమ్మ కాళ్ల మీద పోసినట్టే తన కాళ్ల మీద పోసుకుంది. ఆట జరిగినంతసేపూ తాత అక్కడి నుంచి లేచేవాడు కాదు. ఫోన్ లోపల ఏ డబ్బాలోనో మోగేది, మోగి మోగి ఆగేది. ఆట అవగానే టబ్బు బోర్లించేవాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయన తనకి తానే పెట్టుకున్నాడు. పైన బకెట్టు వాల్వు తిప్పాల్సి వచ్చినప్పుడల్లా, ఉడత కళ్లలోకి చూసి, లోగొంతుకతో చెప్పేవాడు. "నీళ్లు వదులుతున్నా." చెప్పి ఆగేవాడు. ఉడత తల ఊపితేనే తిప్పేవాడు. మొదటిరోజు అడ్డంగా ఊపింది. సరేనని చెయ్యి దించేశాడు. రెండోరోజు పావుగంట కూర్చోబెట్టి, అప్పుడు నిలువుగా ఊపింది. మహారాజులా అనుమతి ఇచ్చింది. నీళ్లు గురగురమంటే చెవులు మూసుకుంది గాని పారిపోలేదు. ముందే చెప్పిన చప్పుడుకి అంత భయం ఉండదు కదా. ఇదంతా కోడలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. కానీ ఒకరోజు వరండాలో ఆరేసిన మెత్తటి తువ్వాలు ఒకటి టబ్బు పక్కన మడతపెట్టి కనిపించింది. భార్యని అడిగితే తను పెట్టలేదంది.

ఇక రెండు రోజుల్లో ఒకటో తారీఖు. ఆ మధ్యాహ్నం వాషరు బాబాయి పైపుల కింద వంగి గిన్నెలు సర్దుతున్నాడు. ఉడత స్టూలు ఎక్కి నిలబడింది, పక్కన నానమ్మ నడుం పట్టుకుని ఉంది. పిల్ల చెయ్యి వాల్వు పిడి మీద పడింది. చిన్న చేతికి తిరగాలని తాత దానికి ముందే నూనె రాసి ఉంచాడు. పై గరాటా గొట్టాన్ని అంతకు ముందే ఉడత ఊడబెరికింది, దాని మూతి సరిగ్గా తాత నెత్తి మీద ఉంది.

ఉడత గుండె నిండా ఊపిరి తీసుకుంది. వీధి చివర దాకా వినపడేలా అరిచింది.

"నీల్లు వదుత్తున్నా!"

వాషరు బాబాయి విన్నాడు. పక్కకి జరగడానికి కావలసినంత సమయం ఉంది. జరగలేదు. తల వంచి అలాగే కూర్చున్నాడు.

బకెట్టెడు నీళ్లూ ఆయన నెత్తి మీద పడ్డాయి. కళ్లద్దాలు ఎగిరిపోయాయి, జేబులో వాషర్లు వరండా నిండా తేలాయి. ఉడత నవ్వి నవ్వి స్టూలు మీద నిలవలేకపోయింది. కేక విని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చిన కోడలు గుమ్మంలో ఆగిపోయింది. అరిచింది ఎవరో, ఏమని అరిచిందో అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో మావయ్యా! లేవండి, లేవండి, జలుబు చేస్తుంది! ఆ తువ్వాలు తీసుకోండి మావయ్యా!"

రెండుసార్లు అంది. వాషరు బాబాయి లెక్కపెట్టుకున్నాడు. తువ్వాలు తీసుకుని తల తుడుచుకోకుండా మొహం కప్పుకుని చాలాసేపు కూర్చున్నాడు. కోడలు కూడా పక్కనే మెట్టు మీద కూర్చుంది. "నేను కూడా చాలా చేశాను మావయ్యా, మీతో మాట్లాడకుండా. ఏమీ అనుకోకండి" అంది. ఆయన తువ్వాలు తియ్యకుండానే తల ఊపాడు.

భార్య వరండాలో పరిచిన పాత పేపరుని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. అది తడిసి ముద్దై నీళ్లు కారుతోంది. "ఏవండీ మేస్త్రీగారూ, పేపరు ఇలా అయింది. పని అయినట్టా, మళ్లీ విప్పాలా?"

"అయినట్టే. నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ అవలేదు" అన్నాడు వాషరు బాబాయి.

ఒకటో తారీఖు పొద్దున కోడలు సంచి భుజాన వేసుకుని హాల్లో నిలబడింది. స్నానాల గది తలుపు తెరిచే ఉంది. లోపల నానమ్మ షవరు తిప్పి ఉంచి పీట వేసుకుని కూర్చుంది, మేడ మీద ట్యాంకు వాల్వు తాత ముందే కట్టేసి వచ్చాడు. ఉడత గుమ్మం దాకా వెళ్లి ఆగింది, పైన షవరు వైపు చూసింది. కనుబొమ మీద మచ్చని వేలితో తడుముకుంది. కోడలి చెయ్యి సంచి పట్టీ మీద బిగుసుకుంది. ఇప్పుడు పిల్ల ఏడిస్తే ఆ సంచి మళ్లీ మేకుకి వేలాడాల్సిందే.

ఉడత వెనక్కి తిరిగింది. హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డ తాతని చూసింది.

"తాతా, కేక వెయ్యి."

వాషరు బాబాయికి ఒక్కసారి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన వరండాలోకి నడిచాడు, మేడ మెట్లెక్కాడు. ట్యాంకు దగ్గర నిలబడి, వాల్వు మీద చెయ్యి వేశాడు. ఆ రోజు వెయ్యాల్సిన కేక, పదకొండు వారాలుగా గొంతులో ఇరుక్కుపోయిన కేక, ఇల్లూ వీధీ అదిరేలా వేశాడు.

"నీళ్లు వదులుతున్నా!"

మూడో ఇంట్లో వాళ్లు కిటికీ తెరిచి, "ఏం బాబాయ్, ఎవరింట్లో పని?" అని అరిచారు. ఆయన వాళ్లకి జవాబు చెప్పలేదు. కింది నుంచి జవాబు రావాలి, ఆయన దానికోసం చెవులు రిక్కించి ఉన్నాడు.

"వదులూ!" అంది ఉడత.

మెల్లగా, చాలా మెల్లగా తిప్పాడు. కింద షవరు ఒకసారి చిన్నగా తుమ్మి, జల్లుగా కురిసింది. ఏడుపు రాలేదు. ముందు నానమ్మ గొంతు, "నన్ను కాదే, నన్ను తడుపుతావేంటే, నేను నిన్ననే తలంటుకున్నాను!" అని వినిపించింది. ఆ వెంటనే పకపకా నవ్వు.

మెట్ల కిందికి కోడలు వచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"మావయ్యా, నాకు ఆలస్యమవుతోంది, వెళ్లొస్తాను. సాయంత్రం దానికి తలంటు మీరే పొయ్యండి."

"అలాగేనమ్మా. నువ్వు వెళ్లిరా" అన్నాడు వాషరు బాబాయి, వాల్వు మీద నుంచి చెయ్యి తియ్యకుండా.